చిన్నాయన చెరపలేకపోయిన ఫోటో

ఈరన్న చిన్నాయన దివంగతుడయ్యాడన్న వార్త విన్నప్పుడు నేను దేవుడి ముందు వత్తులు వేస్తున్నాను. పొద్దున కెమెరా భుజాన వేసుకుని పార్కుకు పోయి వచ్చిన మనిషి, మధ్యాహ్నానికి గుండె ఆగి కుర్చీలోనే ఒరిగిపోవడమా! చేతిలో వత్తి చేతిలోనే ఉండిపోయింది.

బడి మెట్లెక్కని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మహానుభావుడు ఈయనే. నా ఈ నాలుగు మాటలూ ఆయన భిక్ష. చేతిఫోన్లు వచ్చాక రాయచూరులో ఆయన స్టూడియో మూతపడింది. పెళ్ళి చేసుకోలేదు. ప్రాతఃకాలాన పార్కులో వేపచెట్లనూ, గడ్డిమీది మంచునూ ఫోటోలు తీయడమే ఆయన సంధ్యావందనం. "దేవుడు ఎలుతురు పొద్దుగాల పంచుతడమ్మా. పండుకున్నోళ్ళ వాటా గూడ నాకే," అని నవ్వేవాడు. తీసేవాడి నీడ ఫోటోలో పడిందా, అక్కడికక్కడే చెరిపేసేవాడు.

ఆ ప్రకృతి చిత్రాలు ఎవరూ ఆశించని ఫలమిచ్చాయి. పార్కులో రోజూ నడిచే రుక్మిణమ్మ పోయినప్పుడు, దండ వేయడానికి మంచి ఫోటో లేదని కూతురు ఏడుస్తూ వచ్చింది. "మీ చెట్ల ఫోటోలల్ల మా అమ్మ ఏడనన్న పడ్డదా, కాకా?" వెతికితే, పారిజాతం కింద కొంగులోకి పూలేరుకుంటూ నవ్వుతూ ఉంది ఆ తల్లి. ఆ తర్వాత ఎన్నో ఇళ్ళవాళ్ళు వచ్చారు. "నేను చెట్టునే తీసిన. మనిషిని దేవుడు పెట్టిండు," అని ఊరికే ఇచ్చేవాడు.

లోకం ఆయనకిచ్చిన బహుమానం వేరు. ఆయన కెమెరాలో పడ్డవాళ్ళు పోతారన్న మాట పుట్టింది. తన తండ్రి పటం ఆయన చేతనే చేయించుకున్న బసప్ప ఆ మాటకు పెద్ద దిక్కయ్యాడు.

"ఈరన్నా, గా డబ్బా అటు తిప్పు. నీ కంట్ల పడ్డోడు ఉగాది సూడడు."

"నేను చెట్టును తీస్తున్న బసప్పా. నువ్వే అడ్డమొస్తున్నవ్."

"యముడు గూడ గిట్లనే అంటడేమో!"

బసప్ప వెంట ఉన్నవాళ్ళందరూ పకపకా నవ్వారట. రేపటినుంచి పార్కులో కాలు పెట్టొద్దని చెప్పి, ముఖాలకు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారట. చిన్నాయన ఇంటికొచ్చి నాకు ఫోను చేసి, "భయపడ్డరమ్మా, పాపం," అన్నాడు. అదే ఆయన ఆఖరి ఉదయం.

దినాలకు పటం కావాలి. ఊరందరికీ పటాలిచ్చినవాడి ముఖం ఎక్కడా లేదు. ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే పొగలా చెదిరింది. కెమెరాలో మిగిలిన ఆఖరి ఫోటో చూశాను. గడ్డిమీద పొడుగ్గా, మోచేతులు ఎత్తి కెమెరా పట్టుకున్న చిన్నాయన నీడ. ఆ నీడ కొసన, ముఖాలు కప్పుకున్న బసప్ప బృందం. ఆ గొడవలో దాన్ని చెరిపే వ్యవధి ఆయనకు లేకపోవడం నా పాలిటి దైవానుగ్రహం. పటం కట్టించి, కుంకుమ పెట్టి, దండ వేశాను.

దినాల భోజనానికొచ్చిన బసప్ప గడపలోనే ఆగిపోయాడు.

"అయ్యో తాయీ! బతికున్నోనికి దండేసినవేంది? తియ్యి!"

"అది మా చిన్నాయన, మామా. కిందికి సూడుండ్రి."

"నన్ను కోసేసి పెట్టరాదా?"

"ఆయన తల మీ కాళ్ళ మీదనే ఉన్నది. మిమ్ముల కోస్తే ఆయన తల పోతది."

బసప్ప విస్తరి ముట్టకుండా వెళ్ళిపోయాడు. నాకు కోపం లేదు. వాళ్ళట్లా అడ్డగించకపోతే చిన్నాయన వేలు తడబడి మీట నొక్కేది కాదు, ఆ నీడైనా మాకు మిగిలేది కాదు. వారందరికీ కృతజ్ఞురాలిని. చిన్నాయన వంటివాడు మళ్ళీ రాడు. నేనున్నన్నాళ్ళూ పొద్దున్నే ఆ పటం ముందు దీపం పెడతాను. ఆ వెలుతురు అందులో ఉన్న అందరి మీదా పడుతుంది.