బులెట్టు జారని మెడ

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో ఎవర్నడిగినా ఇదే మాట చెబుతారు. మా పెరట్లోకి కుందేలు వస్తే నా నోట అది జింకగా బయల్దేరి, తలా ఒక వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎలుగుబంటి అవుతుంది. మా ఆవిడ నా మాటల్ని పదితో భాగించి నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆరేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని దేంతో భాగించినా ఏదో మిగిలిపోతూనే ఉంది.

పోయిన వారం మా తెలుగు సంఘం కమిటీ కుర్రాడు ఫోన్ చేశాడు. "అంకుల్, ఈ ఉగాదికి మీ డబల్ డోస్ స్కిట్ మళ్ళీ వేద్దాం. అప్పుడు జనం నవ్వలేక చచ్చారు కదా!" నేను ఫోన్ పెట్టేసి డైనింగ్ టేబుల్ మీద ఒక గుద్దు గుద్దాను. ఆవకాయ సీసా సీలింగుకు తగిలి కిందపడింది. జనం చచ్చారట. ఎవరు చచ్చారు? కడుపు పట్టుకుని నవ్విన ఏ ఒక్కడికీ ఏమీ కాలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక మనిషి మాత్రం ఆ రోజు తర్వాత తన చేతిని తాను నమ్మలేదు. ఆ స్కిట్ రాసింది నేను. ఆ అబద్ధం పుట్టించింది నేను. ఆ కుర్రాడి మీద కోపం తెచ్చుకునే హక్కు నాకెక్కడిది? అయినా వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

ఆ మనిషిని ఇక్కడ సుదర్శన్ అంటాను. అసలు పేరు కాదు. మావాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది, తెలియనివ్వండి. కరీంనగర్ మనిషి, మా వీధిలోనే ఉంటాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఫార్మసిస్టు. మాత్రలు లెక్కపెట్టి సీసాలో పోసే రకం కాదు. మాత్ర మింగలేని పసిపిల్లల కోసం మందు తూచి, కలిపి, వాళ్ళ ఒంటికి సరిపడా మోతాదు తయారుచేసే కౌంటర్ ఆయనది. ఇంట్లో టీ పొడి కూడా తూచి వేసేవాడు. అలాంటి షాపు సొంతంగా పెట్టాలని ఆయనకు ఆశ. మా లైబ్రరీ రోడ్డు మూల మీద ఒక ఖాళీ గది చూసుకుని, పోయినప్పుడల్లా దాని అద్దంలోంచి లోపలికి తొంగి చూసేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను తీసుకున్నది అదే.

గ్రీన్ కార్డు వస్తే మనవాళ్ళు ఇల్లు కొంటారు, లేదా అత్తమామల్ని పిలిపించుకుంటారు. నేను గన్ షోకి వెళ్ళి పాత జర్మన్ రైఫిల్ కొన్నాను. దానికి పట్టే తూటాలు మామూలు రోజుల్లోనే అరుదు. ఆపైన అది కొత్త ప్రెసిడెంట్ వచ్చిన ఏడాది, తుపాకుల మీద ఎక్కడ ఆంక్షలు పెడతారోనని జనం దేశంలోని తూటాలన్నీ ఇళ్ళకు మోసుకుపోయారు. అంతకు ముందు ఏడాది ఇండియా నుంచి సోనా మసూరి ఇక రాదని మనవాళ్ళు బియ్యం బస్తాల మీద పడ్డట్టే. షాపులో షెల్ఫులు అద్దంలా మెరుస్తున్నాయి, వాటి మీద దుమ్ము కూడా ఎవడో కొనుక్కుపోయాడు.

అందుకని సొంతంగా తయారుచేసుకుందామని సుదర్శన్‌తో అన్నాను. అమెరికన్లు వాడి పారేసే థర్టీ ఆట్ సిక్స్ తూటాల ఖాళీ ఇత్తడి గుల్లలు తుపాకులు కాల్చే రేంజిలో రాశులుగా దొరుకుతాయి. అవి మన రైఫిల్‌కు కావలసిన దానికంటే పొడుగు. వాటిని కోసి పొట్టి చేసి, అచ్చులో వేసి నొక్కి, బులెట్టును పట్టి ఉంచే సన్నటి మెడ కొత్తగా తీర్చి, ఆ మెడను వేడి చేసి మెత్తబరిస్తే మన కొలతకు వస్తాయి. తర్వాత తుపాకి మందు పోసి, మూతిలో బులెట్టు, అంటే బయటికి దూసుకుపోయే మొన, కూర్చాలి. పని పంచుకున్నాం. ఇత్తడి నాది. మందు తూకం సుదర్శన్‌ది. తూకం అంటే ఇంకెవరిది అవుతుంది?

ఇక్కడ ఒక చిక్కుంది. గుల్ల గోడ పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది. పైభాగం కోసేస్తే, కింద మందంగా ఉన్న గోడే కొత్త మెడ అవుతుంది. దాన్ని లోపలినుంచి గీకి పల్చన చెయ్యాలి. చెయ్యకపోతే తూటా రైఫిల్‌లో బిగుసుకుంటుంది. పేలినప్పుడు మెడ సాగడానికి చోటుండదు, బులెట్టును వదలదు. వదలకపోతే ఆ ఒత్తిడంతా వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. గీకే పనిముట్టు ఆర్డర్ చేశాను. కరువు కదా, నెలలు పడుతుందన్నారు.

"అన్నా, ఆ గీకే సామాను రాలే గద," అన్నాడు సుదర్శన్. "జర ఆగుదమా?"

"ఆగడమేంటి తమ్ముడూ! మా అమ్మమ్మగారి వీధి వీధంతా ఇత్తడి బిందెలు కొట్టేవాళ్ళే. ఇత్తడి మా రక్తంలోనే ఉంది. వేలితో తడిమి మందం చెప్పేస్తాను."

ఆ మాట అన్నది ఈ నోరే. బిందె గుల్లలో నీళ్ళు ఉంటాయి. ఈ గుల్లలో నిప్పు ఉంటుంది. ఆ తేడా నాకు తెలియదా? తెలుసు. కానీ కోసిన కోత వెనక్కి తీసుకోవడం నాకు పుట్టుకతోనే రాదు.

ఒక శనివారం పొద్దున రేంజికి వెళ్ళాం. తయారుచేసినది నేను కాబట్టి మొదటి రెండు తూటాలు నేనే కాల్చాను. రెండోసారి, తూటా గదిని వెనకనుంచి మూసే బోల్టు కొంచెం బిగుసుకుంది, అరచేత్తో ఒక దెబ్బ కొడితే తెరుచుకుంది. రైఫిల్ సుదర్శన్‌కు ఇచ్చాను. ఆయన కూర్చుని, ఊపిరి బిగబట్టి, పేల్చాడు. ఆ చప్పుడు పక్క ఊరు రాలీ దాకా వినబడి ఉంటుంది. బోల్టు సందుల్లోంచి ఎగజిమ్మిన వేడి గాలి ఆయన బుగ్గను చీల్చింది. కళ్ళజోడు అద్దం సాలెగూడులా పగిలింది. ఆ కళ్ళజోడు లేకపోతే కన్ను లేదు. రేంజి ముసలాయన వచ్చి, రైఫిల్ చూసి, తల ఊపి "టూ మచ్ పౌడర్, బడ్డీ" అన్నాడు. ఇంట్లో తూటాలు చేసుకునేవాళ్ళు తుపాకి పగలగొట్టుకుంటే ఇక్కడ ఎవరైనా మొదట అనే మాట అదే, మందు ఎక్కువైందని. నాకు అది అమృతంలా వినబడింది. నిజంగానే అలా వినబడింది. అక్కడ రక్తం కారుతోంది, నాకు ఊరట కలిగింది.

ఎమర్జెన్సీ గదిలో బుగ్గకు కుట్లు వేస్తుంటే సుదర్శన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నేనే తూకం తప్పిన్నా? నిజం జెప్పు. నాకైతే యాదికొస్తలేదు."

ఒక్క మాట చాలు. లేదు తమ్ముడూ, మెడ గీకలేదు, తప్పు నాది. మీరే చెప్పండి, ఎంత చిన్న మాట!

"నిన్న నువ్వు తూస్తుంటే మధ్యలో నిత్య ఫోన్ చేసింది కదా," అన్నాను. "దానితో మాట్లాడుతూ ఒకదాంట్లో కాస్త ఎక్కువ పోశావేమో. పోనీలే, ఎవరికైనా జరిగేదే."

నిత్య ఆయన కూతురు. కాలేజీ హాస్టల్ నుంచి ఫోన్ చేసిన మాట నిజం. ఆయన తూకం ఆపి, పళ్ళెం పక్కన పెట్టి, మాట్లాడి, మళ్ళీ సున్నా నుంచి తూచాడు. నేను పక్కనే ఉండి చూశాను. అబద్ధానికి ఒక నిజం ముక్క అతికిస్తే ఎంత బాగా నిలబడుతుందో నాలాంటి వాడికి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన కళ్ళు మూసుకుని "గంతే గావొచ్చు" అన్నాడు. అలా అంటూ నా చెయ్యి వదల్లేదు. అది నన్ను ఓదార్చడానికి! నా రైఫిల్ పాడైనందుకు!

ఇంటికొచ్చాక మధ్యాహ్నం గరాజ్‌లో, నేను కాల్చిన రెండు ఖాళీ గుల్లలు తీసి చూశాను. ఇందులో ఒక పరీక్ష ఉంది, చిన్నపిల్లాడు కూడా చెయ్యగలడు. కాల్చిన గుల్ల మూతిలో కొత్త బులెట్టు పెట్టి వేలు వదిలితే అది లోపలికి జారిపోవాలి. జారితే మెడకు సాగే చోటు ఉన్నట్టు. మొదటి గుల్లలో అరకొరగా దిగింది. రెండోదాంట్లో అంచు మీదే నిలబడిపోయింది. అప్పుడు తెలిసింది, తప్పు మెడదే అని. గుల్లలు చెత్తబుట్టలో పడేశాను.

సుదర్శన్ మాత్రం ఊరుకోలేదు. కుట్లు ఆరకముందే మిగిలిన తూటాలన్నీ విప్పి మందు తూచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆశగా నా దగ్గరికి వచ్చాడు. నేనేమన్నాను? "అంటే ఆ ఒక్కటే తప్పిందన్నమాట." ఆయన ముఖం ఎలా వాడిపోయిందో నేను పెంచి చెప్పలేను. పెంచడానికి అందులో ఇక చోటు లేదు.

ఇంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? కథ పార్టీల్లో నడిచింది. నా నోట్లో ఒక స్కూపు రెండయింది, రెండు గరిటె అయింది, ఉగాది నాటికి సుదర్శన్ ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో బకెట్ పట్టుకుని మందు పోస్తున్నాడు. స్టేజి మీద ఫార్మసిస్టు వేషం నేనే వేశాను. "ఒక డోసు నీకు, ఒక డోసు తుపాకికి!" అంటే హాలు ఊగిపోయింది. ఆయన ముందు వరసలో కూర్చుని నవ్వాడు. నవ్వకపోతే ఉడుక్కున్నాడంటారని నవ్వాడు. కుట్ల మచ్చ నవ్వును ఒక పక్కకు లాగింది.

తర్వాత భోజనాల దగ్గర నిత్య వచ్చింది. "అంకుల్, అది... నా కాల్ వల్లనా? డాడ్ చెప్పరు."

"అవునమ్మా, నీ రింగ్‌టోన్‌కి తుపాకే దడుచుకుంది!" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. పేపర్ ప్లేటు పట్టుకుని అలాగే నిలబడింది. నేను గులాబ్ జామూన్ల వైపు వెళ్ళాను.

ఆ ఎండాకాలం సుదర్శన్ పనిలో ప్రతి మోతాదూ తూచిందే మళ్ళీ మళ్ళీ తూచడం మొదలుపెట్టాడు. అవతల పసివాణ్ణి చంకనేసుకున్న తల్లులు ఎదురుచూస్తుంటే కూడా. "చెయ్యి నమ్మబుద్ధయితలేదు అన్నా, పిల్లల పానం గద" అన్నాడు. ఎవరూ పొమ్మనలేదు, తనే మానేశాడు. ఇప్పుడు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తున్నాడు. మూల మీది గదిలో కనుబొమ్మలు తీర్చే షాపు వచ్చింది. నిత్య ఇప్పటికీ తండ్రికి ఫోన్ చేసేముందు మెసేజ్ పెట్టి, చెయ్యవచ్చా అని అడుగుతుందట. ఇది చెప్పినప్పుడు వాళ్ళమ్మ మురిసిపోయింది, పిల్ల ఎంత పద్ధతిగా ఉందో అని.

నాకు ఆయన మీద కూడా కోపం వస్తుంది, తెలుసా? ఎందుకు నమ్మావయ్యా? ఊరంతా పదితో భాగించి వినే మాటను నువ్వొక్కడివే మొత్తంగా ఎందుకు తీసుకున్నావు? నా కాలర్ పట్టుకుని, మెడ గీకావా అని ఒక్కసారి అడగలేకపోయావా? అడగడు. నన్ను అన్నా అని పిలిచాడు కాబట్టి అడగడు. అది తెలిసే కదా నేను చేసింది.

ఇక ఇందులో ఏది కల్పించానో చెప్పాలి. ఆవకాయ సీసా ఎగరలేదు, మూత కదిలిందంతే. చప్పుడు రాలీ దాకా పోలేదు. అవి మీరు ఈపాటికి భాగించుకునే ఉంటారు. కానీ భాగిస్తే దొరకనిది ఒకటుంది. నా అలవాటుకు భిన్నంగా, దాన్ని పెంచలేదు, కుదించాను. ఇంటికొచ్చాక గరాజ్‌లో ఆ పరీక్ష చేశానని పైన రాశాను. అది కల్పితం. ఆ రోజు నేను గరాజ్‌లోకి అడుగే పెట్టలేదు.

ఆ పరీక్ష చేసింది రేంజిలో, బల్ల మీద. బిగుసుకున్న బోల్టును కొట్టి తెరిచి, రెండో గుల్లను బయటికి తీసిన తర్వాత. సుదర్శన్ చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు సర్దుకుంటూ అటు తిరిగి ఉన్నాడు. జేబులో ఉన్న విడి బులెట్టు ఒకటి మూతి మీద పెట్టి వేలు వదిలాను. జారలేదు. గట్టిగా నొక్కాను. జారలేదు. ఆపుదామంటే అమ్మమ్మగారి వీధి పరువు పోతుంది. రెండు పేలాయి కదా, మూడోదీ పేలుతుందిలే అనుకున్నాను. గుల్ల జేబులో వేసుకుని "నీ వంతు తమ్ముడూ" అన్నాను.

దీన్ని ఇక ఎవరూ దేంతోనూ భాగించనక్కర్లేదు. సుదర్శన్, నువ్వు తూకం తప్పలేదు. నిత్యా, నీ ఫోన్‌కి దీంతో సంబంధం లేదు. బులెట్టు జారలేదని నాకు తెలుసు. తెలిసే రైఫిల్ ఇచ్చాను.