హెబ్రోను చెయ్యి ఎటు లేస్తుంది?

హెబ్రోను ఒక మాట మీద నిలబడగా చూసినవాళ్ళు బోగోలు మండలంలో ఎవరూ లేరు. మనిషి మంచివాడే. తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకుంటాడు. మైకుసెట్టు అద్దెకిచ్చాడంటే చెప్పిన వేళకు చెప్పిన చోట బాక్సులు దించుతాడు. చర్చి మీటింగైనా గంగమ్మ జాతరైనా ఒకే శ్రద్ధతో వైర్లు చుడతాడు. అన్నీ ఉన్నాయి, నిలకడ ఒక్కటే లేదు. "హెబ్రోను మాట, సముద్రం మీది గాలి, ఎప్పుడు ఎటు తిరిగేదీ తెలీదు" అని జువ్వలదిన్నె రేవులో ఒక సామెతే పుట్టింది.

ఒకసారి జువ్వలదిన్నె జట్టుకూ కొడవలూరు జట్టుకూ కబడ్డీ పోటీ జరిగింది. మైకు హెబ్రోనుది. మొదటి సగమంతా ఆయన కొడవలూరుకు చప్పట్లు కొట్టాడు. సొంతూరు జువ్వలదిన్నెవాళ్ళు గుడ్లురిమినా ఆపలేదు. రెండో సగంలో కొడవలూరు పిల్లలు దుమ్ము దులుపుకొని లేచి నాలుగు పాయింట్లు ముందుకు పోయేసరికి ఈయన చప్పట్లు జువ్వలదిన్నె వైపు మళ్ళాయి. ఆట ముగిశాక రెండు జట్లూ కలిసి ఆయన కోసం వెతికాయి. అప్పటికాయన ఆంప్లిఫయరు నెత్తిన పెట్టుకొని రైలుకట్ట దాటేశాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. "నిన్న కానాగంతలకు మించిన చేప లేదంటివి. ఇయ్యాళ కవళ్ళు తెచ్చినావే?" అని భార్య మగ్దలీనమ్మ తట్ట చూసి అడిగేది.

"నిన్నటి నాలుక వేరే, నేటి నాలుక వేరే."

"నాలుక మారితే మార్నీ. ముళ్ళు తీసేది నేను గదా!"

అటువంటి హెబ్రోను అధ్యక్షతన, ప్రతి ఆదివారం ఆరాధన ముగిసి భోజనాలయ్యాక, ఆయన మైకుసెట్టు గోడౌనులో ఒక సభ జరిగేది. అదెట్లా మొదలైందంటే, రెండేళ్ళ కిందట ఆయన కొత్త బేసు బాక్సులు కొన్నాడు. చెన్నైలో ఇంజనీరింగు చదివొచ్చిన హెన్రీ వాటిని పరీక్షించడానికి పెన్‌డ్రైవు పట్టుకొచ్చాడు. అందులో చెన్నై పిల్లల బ్యాండు ‘నైన్ లైట్‌హౌసెస్’ చేసిన ఆల్బం ఉంది. పాటలు ఏడు. నాలుగో పాట ఒక్కటే పందొమ్మిది నిమిషాలు.

"దీన్ని ప్రోగ్రెసివ్ మెటల్ అంటారంకుల్. గిటారు, డ్రమ్ములు గట్టిగానే ఉంటాయి గానీ లోపల తాళం లెక్కలు ఎక్కువ" అన్నాడు హెన్రీ.

పాట మొదలైంది. మగ్దలీనమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏందయ్యా అది? పాత్రల కొట్లో దున్నపోతు పడిందా?"

హెబ్రోను మాత్రం కళ్ళు మూసుకొని విన్నాడు. "హెన్రీ, ఇవి దేవుడికి విరోధమైన మాటలా?" అని నెమ్మదిగా అడిగాడు. కాదనీ, సముద్రంలో దారి తప్పిన పడవ తిరిగి ఒడ్డుకు చేరిన కథనీ హెన్రీ చెప్పాడు. హెబ్రోను మూడు రోజులు ప్రార్థించి తన తీర్పు వినిపించాడు: "కేక పెట్టినంత మాత్రాన పాపం గాదు. ఆపదలో ఉన్నోడు ఎవడు మెల్లగా పిలుస్తాడు?"

మరుసటి ఆదివారం అదే నాలుగో పాట మోగుతూ ఉంటే రోడ్డు మీద పోతున్న చెంగయ్య సైకిలు దిగాడు. రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు ఆయన. పాన పట్టుకొని నేరుగా గోడౌను లోపలికి వచ్చాడు.

"అన్నా, ఇంజను యాడ? ఏడు దెబ్బలకొకసారి మిస్సవతా ఉంది. ఇంకాసేపు ఆడిందంటే చెడిపోద్ది!"

ఇంజను కాదు, డ్రమ్ములని చెబితే ఆయన నమ్మలేదు. బాక్సుకు చెవి ఆనించి పాట మొత్తం విన్నాడు. లేచేటప్పుడు ఆయన ముఖంలో బాప్తిస్మం పుచ్చుకున్నంత నెమ్మది. "తప్పినట్టే తప్పి, తప్పకుండా అదే చోటికి వస్తా ఉండాడే! ఎవరబ్బా ఆ మహానుభావుడు?"

అట్లా ఒకరి వెంట ఒకరు పన్నెండు మంది పోగయ్యారు. పాటలు వినడమయ్యాక ఏటేటా సంఘ పెద్దల్ని ఎన్నుకున్నట్టే ఎన్నిక జరిగేది. ఆ బ్యాండులోని ఐదుగురిలో, అంటే పాడే ఆమె, గిటారు, బేసు గిటారు, కీబోర్డు, డ్రమ్ములు వీళ్ళలో, ఆల్బం మొత్తానికి మెరిసింది ఎవరు? మొదట చిన్న ప్రార్థన. తర్వాత వాదన. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. చివర చేతులెత్తాలి.

"నాలుగో పాట, పదకొండో నిమిషం. అక్కడ గిటారు ఏడుస్తుందంకుల్!" అనేవాడు హెన్రీ.

"ఏడ్చేది ఎవరైనా ఏడుస్తారు నాయనా. లెక్క తప్పకుండా ఏడ్చేదానికి డ్రమ్ములాయన గావాల" అనేవాడు చెంగయ్య.

చర్చిలో కీబోర్డు వాయించే షారన్ టీచరు కళ్ళజోడు సర్దుకొని, "ఆ కీబోర్డే లేకుంటే మీ ఇద్దరిదీ పాతినుప సామాన్ల అంగడే" అనేది.

ప్రతిసారీ డ్రమ్ములకే ఎక్కువ చేతులు లేచేవి. చెంగయ్యతో పాటు ఆయన షెడ్డు మనుషులే నలుగురుండేవారు. హెబ్రోను చెయ్యి మాత్రం ఒక వారం గిటారుకు లేచేది, ఒక వారం పాడే ఆమెకు, ఇంకో వారం కీబోర్డుకు. డ్రమ్ములకు మటుకు రెండేళ్ళలో ఒక్కసారీ లేవలేదు. ఇది చెంగయ్యకు గొంతులో ముల్లు.

ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సుబ్బు ఆ గుంపులోకి ఆఖరున వచ్చి చేరాడు. నలుగురిలో నోరు విప్పాలంటే అతనికి చెమటలు పడతాయి. మాట మధ్యలో ఆగిపోతుంది, ఎదుటివాడు నవ్వుతాడు, ఆ మాట ఇక బయటికి రాదు. రేవులో అతను మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. గోడౌనులో ఆ గంటన్నర మాత్రం అతనికి ప్రాణం లేచొచ్చినట్టుండేది. అయినా నాలుగు ఆదివారాలు చెయ్యెత్తకుండానే కూర్చున్నాడు. అతనికి నచ్చింది బేసు గిటారు. ఆ మాట పైకి అంటే "అది వినపడేదెక్కడ!" అని అందరూ నవ్వేవాళ్ళు.

ఐదో ఆదివారం హెబ్రోను, "బేసుకు ఎవరన్నా ఉండారా?" అని వాడుక ప్రకారం అడిగాడు. సుబ్బు చెయ్యి లేచింది. ఒంటరిగా.

"ఎందుకో చెప్పు తమ్ముడూ" అన్నాడు హెబ్రోను.

"అది... చేపల కింద... ఐసు లాంటిదన్నా. కంటికి... ఆనదు. లేకపోతే... తెలుస్తాది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హెబ్రోను అటు చూడనైనా చూడకుండా తన చెయ్యి నిదానంగా పైకెత్తాడు. "నాదీ బేసే."

సుబ్బు ఆ రోజు రేవుదాకా నడవలేదు, తేలిపోయాడు. లోకంలో తనలాంటి చెవి ఇంకొకటి ఉంది! మళ్ళీ ఆదివారం వస్తూ తోడుగా ఐసు ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. బేసుకు మూడు చేతులు లేచాయి. నాలుగోది హెబ్రోనుదని సుబ్బు తలతిప్పి చూశాడు. లేవలేదు. ఆ వారం షారన్ టీచరు పక్షం వాళ్ళు నాయుడుపేట పెళ్ళికి పోయినందువల్ల కీబోర్డుకు ఆమె ఒక్కతే మిగిలింది. "నాదీ కీబోర్డే" అన్నాడు హెబ్రోను, పోయిన వారం ఎంత గంభీరంగా అన్నాడో అంత గంభీరంగానూ.

సుబ్బు మనసు చివుక్కుమంది. చెంగయ్యకైతే ఓపిక చచ్చిపోయింది.

"హెబ్రోనన్నా, పోయిన వారం బేసు, ఈ వారం కీబోర్డు. నువ్వు మనిషివా, ఫ్యానువా, తిరిగేదానికి? నిలకడ లేని మనిషి పెద్దగా కూర్చుంటే ఇది సభెట్టవుద్ది? వచ్చే ఆదివారం నీ మనసులో ఎవరుండారో తేల్చి చెప్పు. లేదంటే నా మనుషుల్ని తీసుకొని పోతా. మా షెడ్డులోనే వినుకుంటాం."

హెబ్రోను బాక్సుల మీద గుడ్డ కప్పుతూ ఉండిపోయాడు.

సభ విడిపోతే తనకు మళ్ళీ ఐసు గడ్డలే గతి అని సుబ్బుకు తెలుసు. సోమవారం పనిదిగి నేరుగా హెబ్రోను ఇంటికి పోయాడు, అడిగేద్దామని. వాకిట్లోకి అడుగుపెట్టేసరికి పెరట్లోంచి ధడధడమని చప్పుడు. తొంగిచూశాడు. హెబ్రోను ఐదు సత్తు గిన్నెలు బోర్లించుకొని, కళ్ళు మూసుకొని, రెండు గరిటెలతో వాయిస్తున్నాడు. నాలుగో పాట. ఏడు దెబ్బలకొకసారి తప్పుతున్నాడు, తప్పకుండా అదే చోటికి వస్తున్నాడు. ముఖాన చెమట, పెదవుల మీద స్తోత్రం.

సుబ్బు నోరు తెరుచుకొని నిలబడిపోయాడు. వెనక నుంచి మగ్దలీనమ్మ వచ్చింది.

"ఇది రోజూ ఉండేదే నాయనా. రెండేళ్ళుగా మా ఇంట్లో నొక్కు లేని గిన్నె లేదు. ఆ డ్రమ్ములాయనంటే ఈయనకు ప్రాణం."

"మరి... మరి ఆదివారం... చెయ్యెత్తడే వదినా?"

"ఎట్టెత్తుతాడు? చెంగయ్యవీ వాళ్ళ మనుషులవీ ఐదు చేతులు ముందే లేస్తాయి. ఈయన కళ్ళు యాడన్నా ఒంటి చెయ్యి ఉందా అని వెతుకుతా ఉంటాయి. ఒక్కరే చెయ్యెత్తి కూర్చొని ఉంటే ఈయనకు అన్నం సయించదు. రేవులోనూ అంతే గదా! ఏ తట్ట ఎవరూ అడక్కుండా మిగిలిపోతే అదే కొనుక్కొస్తాడు. ముళ్ళు మాత్రం నాకు."

సుబ్బుకు కబడ్డీ గుర్తొచ్చింది. మొదటి సగంలో ఓడుతున్నది కొడవలూరు. రెండో సగంలో జువ్వలదిన్నె. అనుకుంటే, హెబ్రోను ఎన్నడూ పక్షం మారలేదు. ఓడేవాడిదే ఆయన పక్షం. ఓడేవాళ్ళే మారుతూ వచ్చారు.

అడగకుండానే వెనుదిరిగి సుబ్బు నేరుగా చెంగయ్య షెడ్డుకు పోయాడు. జీవితంలో అంత పొడుగు మాట అతను ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో పదిసార్లు ఆగాడు. చెంగయ్య నవ్వలేదు. చివరిదాకా విని చేతిలోని పాన కింద పెట్టాడు.

"రెండేళ్ళా?"

"రెండేళ్ళు."

"తన మనిషికి తానే చెయ్యెత్తకుండా?" చెంగయ్య నూనె చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. "సరేబ్బా, ఇప్పుడేం జేద్దామంటావు?"

సుబ్బు చెప్పాడు. చెంగయ్య అదిరిపడ్డాడు. "నేనా? డ్రమ్ములాయనకు చెయ్యెత్తకుండానా? నాదేముంది, నా చెయ్యి వినద్దా!"

ఆదివారం వచ్చింది. పన్నెండు మందీ, తోడుగా ఐసు ఫ్యాక్టరీ ఇద్దరూ హాజరు. హెబ్రోను ముఖం వాడి ఉంది. ప్రార్థన మామూలు కన్నా పొడుగ్గా చేశాడు. పాటలయ్యాయి. వాదన ఎవరూ పెట్టుకోలేదు. చెంగయ్య కుడి చేతిని తొడ కింద పెట్టుకొని దాని మీద గట్టిగా కూర్చొని ఉన్నాడు.

"పాడే ఆమెకు?" రెండు చేతులు. "గిటారుకు?" మూడు. "కీబోర్డుకు?" మూడు, చెంగయ్య ఎడమ చేత్తో కలిపి. "బేసుకు?" ఐదు, సుబ్బుతో కలిపి.

"డ్రమ్ములకు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

హెబ్రోను తాను సరిగా అడగలేదేమో అనుకున్నాడు. "డ్రమ్ములకండీ. డ్రమ్ములకు?" ఆయన చెంగయ్య వైపు చూశాడు. "చెంగయ్యా, ఒంట్లో బాగుండ్లేదా?"

"బాగనే ఉండా" అన్నాడు చెంగయ్య నేలచూపులు చూస్తూ. "ఈ వారం ఎందుకో కీబోర్డు మీదికి పోయింది మనసు." తొడ కింది కుడి చేతిని ఇంకా గట్టిగా అదిమిపెట్టాడు.

"అయితే పాపం, డ్రమ్ములాయనకు ఎవరూ లేరా?"

"ఎవరూ లేరన్నా" అన్నాడు సుబ్బు. మాట మధ్యలో ఆగలేదు.

హెబ్రోను లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ ఎత్తాడు, ఆరాధనలో ఎత్తినట్టు. రెండేళ్ళుగా లోపల మూతపెట్టిన మాటలు ఒక్కసారి పొంగాయి. "ఆయన చెయ్యి కాదయ్యా అది, ఆయన ఓపిక! నాలుగో పాటలో అందరూ తలా ఒక దోవన పోతా ఉంటే ఒక్కడు లెక్క పట్టుకొని ఉంటాడే, తప్పిపోయిన ప్రతి ఒక్కరూ మళ్ళా వచ్చి చేరేది ఆయన దగ్గరికే గదా!" అంటూ పక్కనున్న బాక్సు మీద ఏడు దెబ్బలూ వేసి చూపించాడు. గుమ్మంలో నిలబడ్డ మగ్దలీనమ్మ, అది గిన్నె కానందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఆ ఏడో దెబ్బకు చెంగయ్య చెయ్యి తొడ కిందనుంచి తప్పించుకొని గాల్లోకి ఎగిరింది. "నా వల్ల కాదన్నా! నాదీ డ్రమ్ములే!" అతని మనుషులు నలుగురూ ఎత్తారు. అది చూసి షారన్ టీచరు, హెన్రీ, ఐసు ఫ్యాక్టరీ ఇద్దరూ, ఆఖరుకు సుబ్బూ. చేతులెత్తనివాళ్ళు గోడౌనులో లేరు.

హెబ్రోను ఆ చేతుల్ని ఒక్కొక్కటే చూశాడు. కళ్ళు చెమర్చాయి. ఇక సభకు ఢోకా లేదనీ, ఈ మాట మీద ఆయన నిలబడిపోయినట్టేననీ అందరూ అనుకున్నారు.

అంతలో సుబ్బు చెయ్యి కంటబడి ఆయన ముఖంలో ఏదో దిగులు కదిలింది. రెండు చేతులూ మెల్లగా దించాడు. ఒకటి మళ్ళీ ఎత్తాడు.

"అవునుగానీ, ఇప్పుడు బేసుకు ఎవరూ లేరే?"

గోడౌను రేకులు ఎగిరిపోయేంత నవ్వు. "నిలకడ లేని మనిషి!" అని అందరికంటే గట్టిగా అరిచి, పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నవాడు చెంగయ్యే. హెబ్రోను బేసు కోసం ఎత్తిన చెయ్యి దించకుండా, గంభీరంగా కూర్చొని విన్నాడు. ఆయన పక్కనే కూర్చున్న సుబ్బు ఒక్కడికే ఇంకొకటి కనబడింది. బల్ల కింద ఆయన కాలి బొటనవేలు, ఏడు దెబ్బలకొకసారి తప్పుతూ, తప్పకుండా అదే చోటికి వచ్చి చేరుతోంది.