వంగే బండికి నేను చేయించిన వైద్యం

ఒక్క మంచి పనితో ఇంటిల్లిపాదినీ తలలు పట్టుకునేలా చేయడం అందరికీ చేతకాదు. నాకు ఆ భగవంతుడి దయవల్ల చేతనైంది. చెబుతాను, నవ్వుకోండి.

మాది బేతంచెర్ల. ఇంటి పక్కనే మా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. అప్పట్లో ఇంటికంతా సెల్‌ఫోన్ ఒకటే, అది మా ఆయన జేబులో ఉండేది. ఎర్రగుంట్ల నుంచి ఊరు మారిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర ఆయన ఒక బండి కొనుక్కొచ్చారు. ముందు మనుషులకు సీట్లు, వెనక సామాన్లకు తొట్టి. మా ఆయన మాటలను బంగారంలా దాచుకునే మనిషి. "మంచి బండి" అని తాళాలు నా చేతిలో పెట్టి, పనిమీద కడపకు వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులతో మూడేళ్లుగా బస్సెక్కలేని మా అత్తమ్మకు మాత్రం, సోమవారం యాగంటికి తీసుకుపోతానని మాటిచ్చారు. అత్తమ్మ ఆ క్షణం నుంచే పట్టుచీర మడతలు చూసుకోవడం మొదలుపెట్టింది.

బండికి పూజ చేద్దామని మా లారీల మెకానిక్ మస్తాన్‌తో వాకిట్లోకి తెప్పించాను. ఆపి తలుపు తీశాడో లేదో, బండి 'ఉస్స్' మని నిట్టూర్చి, ఎండకు సొమ్మసిల్లిన గేదెలా కిందికి కుంగింది.

"ఏమాయ మస్తానూ?"

"చక్రాల కాడ ఇనుప కమాన్ పట్టీలకు బదులు గాలి బుడ్డలుండాయక్కా. దాని పాటికి అదే దిగుతాది, లేస్తాది."

"ఆపితే కూలబడే బండి యాగంటి దాకా పోతాదా? పీకేసి మామూలు కమాన్ పట్టీలే వెయ్యి. దావంతా గుంతలు శానా, ఇంకో జానెడు ఎత్తు లేపు."

"అన్నను ఒక మాట అడుగుదామక్కా. ఏదో కారణం లేకుండా పెట్టింటారా?"

"ఆయనొచ్చేలోపు చేసి చూపిస్తే మురిసిపోతాడు!"

రెండు రోజుల్లో బండి కొత్త పెళ్లికొడుకులా ఛాతీ విరుచుకుని నిలబడింది. బొట్టు పెట్టడానికి నేను పీట ఎక్కాల్సి వచ్చింది. అప్పుడైనా నా బుర్ర వెలగాలా? వెలగలేదు. దేవుడికి దండం పెట్టి దిగాను.

సోమవారం పొద్దున్నే మా ఆయన వచ్చారు. బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు.

"ఎవరు జేసినారిది?"

"నేనే చేయించినా. ఆపితే కుంగిపోతాంటే..."

"కుంగాలనే గదే కొనింది! అమ్మ కాలెత్తలేదని, నేలకు దిగే బండి కోసం ఆర్నెల్లు తిరిగినా!"

మా కాపురంలో ఆయన మాట్లాడిన అతి పొడవైన ముక్క అదే.

ఇంతలో పట్టుచీరతో అత్తమ్మ వచ్చింది. బండి మెట్టు ఆమె నడుము దగ్గరుంది. "ఏమ్మే, ఇది బండా, మిద్దెనా? నిచ్చెన యాడ పెట్టినావు?" అంది. నవ్వుతూనే అంది గానీ, చేతిలోని పూలబుట్ట మెల్లగా కింద పెట్టేసింది.

"లారీలకు రాళ్లెత్తే దిమ్మె ఉండాది గదన్నా!" అన్నాడు మస్తాన్.

బండిని వెనక్కి నడిపి దిమ్మెకు ఆనించారు. అత్తమ్మ దిమ్మె వాలు మీదుగా నాపరాయంత పదిలంగా తొట్టిలోకి నడిచి, అక్కడ వేసిన కుర్చీలో ఉత్సవమూర్తిలా కూర్చుంది. దారి పొడవునా కుర్చీ కాళ్లు పట్టుకుని కూర్చోవడం నాకు పడిన శిక్ష.

యాగంటిలో బండి ఆగింది. ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఎక్కించే ఉపాయమే తప్ప, దించే ఉపాయం ఎవరమూ ఆలోచించలేదు!

"నన్ను ఈడనే ప్రతిష్ఠ చేస్తారా ఏమప్పా?" అని అత్తమ్మ గట్టిగా అడిగింది. టెంకాయల అంగళ్ల వాళ్లు పగలబడి నవ్వుతూ వచ్చారు. కుర్చీ మూడు కాళ్లకు వాళ్లు ముగ్గురు, నాలుగో కాలికి మా ఆయన. కుర్చీతో సహా దించి, ఆ ఊపులోనే మెట్లన్నీ ఎక్కించి స్వామి ముందు పెట్టారు. ఎవరో ముసలామె అత్తమ్మకే దండం పెట్టింది.

"కుంగే బండి అయితే కిందనే దిగి, మెట్లు చూసి దండం పెట్టి వచ్చేదాన్ని. మా కోడలు సల్లగుండాల!" అంది అత్తమ్మ. "వచ్చే సోమవారం మహానంది. కుర్చీ మర్చిపోవాకండి."

మరునాడు మా ఆయన నడుము పట్టేసి, వంగి వంగి నడుస్తున్నారు. "మస్తాన్‌ను పిలుస్తా" అనబోయి నాలుక కరుచుకున్నాను.

అప్పుడే దీపం ముందు నిలబడి ప్రమాణం చేశాను: ఇక ఈ ఇంట్లో ఏది వంగినా, ఎందుకు వంగిందో కనుక్కోకుండా నిటారు చేయించను.