అక్షరం చుట్టూ బూజు

నరసన్నపేటలో మాది చిన్న డీటీపీ షాపు. ఒకప్పుడు ఊళ్ళో సగం బోర్డులు చేత్తో రాసిన పెయింటర్ మావ ఈరోజు మనవరాలి పెళ్ళికార్డు చూసుకోడానికి వచ్చాడు. 'శుభలేఖ'లో భకి ఒత్తు పడిందో లేదో చూపిద్దామని స్క్రీన్ మీద అక్షరాన్ని బాగా పెద్దది చేశాను.

"ఏటిరా ఇది? అచ్చరం సుట్టూ బూజు పట్టీసినాది!"

"బూజు కాదు మావా. అంచులు నున్నగా కనబడ్డానికి కంప్యూటరే బూడిదరంగు సుక్కలు పెడతాది" అని, ఆ సెట్టింగు తీసేసి చూపించాను. భ అంచంతా మెట్లు మెట్లుగా అయిపోయింది.

మావ గుమ్మం దాకా వెనక్కి నడిచి కళ్ళు చికిలించాడు. మా షాపు బోర్డు రాసినప్పుడు కూడా అక్షరానికోసారి నిచ్చెన దిగి, రోడ్డవతల నిలబడి ఇలాగే చూసేవాడు.

"నాకు రెండూ ఒకలాగే ఉన్నాయిరా. ఆ బూజేదో ఇప్పుడు నా కళ్ళలోనే ఉన్నాది" అని నవ్వేశాడు.

ఆయన వెళ్ళాక నేనూ రోడ్డవతలకి వెళ్ళి, కళ్ళు చికిలించి మా బోర్డు చూశాను. కనబడింది బోర్డు కాదు, దాని మీద నేనే మేకులు కొట్టి బిగించిన ఫ్లెక్సీ.

రేపు పొద్దున్నే విప్పేస్తున్నాను. మీ ఫ్లెక్సీల వెనక ఎవరి చేతిరాత ఉందో ఓసారి చూసి చెప్పండి.