శనివారాలు తీసుకెళ్ళిన పక్కింటి వదిన

పక్కింటి వదిన పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను కుక్కర్ మూత తీస్తున్నాను. చేసింది ఆవిడ చెల్లెలు. ఫ్రిస్కో నుంచి రెండు రోజుల ముందే వచ్చి హాస్పిటల్లో అక్క దగ్గర ఉంది. "అక్క ఇందాకే పోయిందండీ. గుండె ఆగిపోయింది. మీకే ముందు చెప్తున్నా" అంది. అయ్యో అన్నాను. కానీ లోపల పుట్టిన మొదటి మాట అది కాదు. 'చూశావా, నా కూతురి దగ్గరికి నాకంటే ముందు వెళ్ళిపోయింది' అనుకున్నాను. ఆ తరవాతే ఏడుపు వచ్చింది.

మన నోవై తెలుగువాళ్ళ పత్రికకి ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి. ఈ అమెరికాలో పక్కపక్క ఇళ్ళలో పదిహేనేళ్ళు ఉన్నాం కాబట్టి నన్నే అడిగారు. మంచి రాయమన్నారు. మంచే రాస్తాను, ఆవిడ మంచిదే. కానీ నేను ఆవిడ మీద ఆరేళ్ళు కుళ్ళుకున్నాను. అది దాచిపెట్టి రాస్తే ఆవిడ గురించి రాసినట్టు కాదు.

మీలో చాలామంది ఆవిడని దీపావళి ఫంక్షన్‌లో కుర్చీలు సర్దుతుండగా చూసి ఉంటారు. కార్ల పార్టులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేది. వెంట్రుకంత తేడా ఉన్నా కనిపెట్టి పక్కన పడేసే పని. చీర కడితే కుచ్చిళ్ళు వంకర. కూరలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అనేది. శనివారం శనివారం క్లబ్‌కి వెళ్ళి పిస్టల్‌తో గురి చూసి కాల్చేది. పోటీల్లో కప్పులు గెలుచుకుంది. వాటిలో ఒకదాంట్లో పెన్నులు పెట్టుకుంది, ఒకదాంట్లో కరివేపాకు మొక్క వేసింది.

కార్ల కంపెనీలు కూలిపోయిన ఏడాది మా ఆయన ఉద్యోగం పోయింది. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో రెండో సంవత్సరం. ఇంట్లో అందరం ముఖాలు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం. ఒకరోజు అది వచ్చి, "మామ్, పక్కింటి అత్త నాకు పిస్టల్ షూటింగ్ నేర్పిస్తానంది. కాంపిటీషన్స్ కూడా ఉంటాయి" అంది.

"తుపాకీయా? పోలీసువా దొంగవా నువ్వు?"

"అది జస్ట్ స్పోర్ట్ మామ్. పేపర్‌ని కొట్టడమే."

"పేపర్‌ని కొట్టడానికి తుపాకీ ఎందుకే, చీపురు చాలదూ?"

అది నవ్వింది. నేను నవ్వలేదు. "ఆ సామాను నా గడప తొక్కకూడదు. చెప్తున్నా" అన్నాను.

"ఓకే మామ్. అది రాదు."

నిజంగానే రాలేదు. ఆవిడ పేరు మీదే కొన్నారు, ఆవిడ ఇంట్లోనే తాళం పెట్టెలో పెట్టారు. నేను గెలిచానని అనుకున్నాను. తుపాకీ మా ఇంటికి రాలేదు కాబట్టి పిల్లే ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టిందని నాకు నాలుగు శనివారాలు పోయాక గాని తెలియలేదు.

ఆ పిస్టల్ పాతది. క్లబ్‌లో ఒక ముసలాయన చేతులు వణుకుతున్నాయని వదిలేసుకుంటే చవగ్గా వచ్చింది. పోటీకి పనికొచ్చేవి కొత్తవి దొరుకుతాయి, మా అప్పటి పరిస్థితికి వాటి వైపు చూడటానికే లేదు. అందుకని ఉన్నదాన్నే బాగుచేసుకుందాం అన్నారు ఇద్దరూ. ఒకసారి అన్నానికి పిలుద్దామని వెళ్ళి ఆవిడ గరాజ్ తలుపు దగ్గర ఆగిపోయాను. బల్ల మీద పాత తువ్వాలు, దాని మీద విప్పిన ముక్కలు. మా అమ్మాయి చెవిలో పెట్టుకునే దూదిపుల్లకి పాలిష్ అద్ది ఒక ఇనప ముక్కని రుద్దుతోంది. మా ఇంట్లో ఒక్కనాడు గిన్నె తోమని పిల్ల.

"ఇంకా ఎంతసేపు అత్తా?"

"నీ ముఖం అందులో కనిపించేదాకా."

"నా ముఖం ఆల్రెడీ నాకు తెలుసు."

"అయితే నా ముఖం కనిపించేదాకా రుద్దు. అది ఇంకా కష్టం."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను పిలవకుండా ఇంటికి వచ్చేశాను. అన్నం చల్లారిపోయింది.

చేతిలో జారకుండా పిడికి గరుకు టేపు అంటించారు, పిల్లలు ఆడుకునే స్కేట్‌బోర్డుల మీద వేస్తారే, అది. ఒక స్ప్రింగు మాత్రం కొన్నారు. ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఏది మార్చినా నెలకి ఒక్కటే. మార్చాక నెలంతా దాంతోనే కాల్చాలి. మేలు చేస్తే ఉంచాలి, లేకపోతే తీసేయాలి. "ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో ఏది పాడుచేసిందో ఎలా తెలుస్తుంది?" అనేది. పెట్టె మూత లోపల కాగితం అతికించి మార్చినవన్నీ రాసుకునేవాళ్ళట. ఇవన్నీ మా అమ్మాయి అన్నం తింటూ చెప్పేది. గురి పెట్టేటప్పుడు దూరంగా ఉన్న కాగితాన్ని చూడకూడదట. పిస్టల్ కొసన చిన్న మేకులాంటిది ఉంటుంది, కళ్ళు దాని మీదే పెట్టాలట. "అది ఒక్కటి క్లియర్‌గా కనబడాలి మామ్. మిగిలిన వరల్డ్ అంతా బ్లర్ అయిపోవాలి."

"మంచిదే. అన్నం కూడా బ్లర్ అయిపోతోంది, తిను" అన్నాను నేను.

నాకు కుళ్ళు ఎక్కడ మొదలైందంటే మాటల్లోనే. నన్ను చిన్నప్పటినుంచీ 'మామ్' అనే అంది. ఎంత చెప్పినా 'అమ్మ' అని నోరు తిరగలేదు. ఆవిడని మాత్రం చక్కగా 'అత్తా' అనేది. పిస్టల్ పెట్టుకోవడానికి మెత్తని సంచీ కుట్టిపెట్టమని నన్ను అడిగింది. ఊళ్ళో వాళ్ళ జాకెట్లన్నీ నేనే కుడతాను కదా. "తుపాకీకి నేను ఉయ్యాల కుట్టను" అన్నాను. వారం తిరిగేసరికి ఆవిడే కుట్టింది. ఆ వంకర కుట్లు చూసి నాకు నవ్వూ వచ్చింది, కడుపూ మండింది.

తరవాత నా బొట్లు మాయమవడం మొదలైంది. నేను పెట్టుకునేది ఆవగింజంత ఎర్ర స్టికర్. ఇండియన్ స్టోర్‌లో కొన్న అట్టలు డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులో ఉంటాయి. అట్ట సగం ఖాళీ. మా అమ్మాయి నుదుటి మీద ఎన్నడూ చూడలేదు. పండగనాడు బతిమాలినా పెట్టుకునేది కాదు.

"నా బొట్లు ఏం చేస్తున్నావే?"

"యూజ్ చేస్తున్నా మామ్."

"ఎక్కడ?"

"అత్త వాళ్ళింట్లో" అని కన్ను కొట్టింది. "నువ్వు మా మ్యాచ్‌కి రా, చూపిస్తా."

అంటే ఆవిడ ముందు బొట్టు పెట్టుకుంటుందన్నమాట, నా ముందు పెట్టుకోదు. ఆ రోజంతా మిషన్ మీద ఒక్క కుట్టూ సరిగా పడలేదు.

ఒకసారి వెళ్ళాను మ్యాచ్‌కి. ఎవరికీ చెప్పలేదు. పులిహోర చేసి డబ్బాలో పెట్టుకుని నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. పార్కింగ్‌లో కారు ఆపి చూస్తే, ఎదురుగా బెంచీ మీద మా అమ్మాయి కూర్చుని ఉంది. వెనక నిలబడి ఆవిడ జడ అల్లుతోంది. కాల్చేటప్పుడు చప్పుడు వినబడకుండా చెవులకి పెట్టుకునే వాటికి జుట్టు అడ్డం రాకుండా బిగించి అల్లుతోంది. ఏడో తరగతి నుంచి నా చెయ్యి తల మీద పడనివ్వని పిల్ల, కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను కారు దిగలేదు. పులిహోర ఇంటికి తెచ్చి మా ఆయనకి పెట్టాను.

ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి వెళ్ళి అనకూడని మాట అన్నాను. "మీకు పిల్లలు లేకపోతే నా పిల్లే దొరికిందా?" అన్నాను.

ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "పిల్లని తీసుకోవట్లేదు వదినగారూ. శనివారం తీసుకుంటున్నా. మిగిలిన ఆరూ మీవే కదా" అంది. తరవాత, "పొద్దున పార్కింగ్‌లో మీ కారు చూశాను. దిగుతారేమోనని ఆలస్యంగా అల్లాను జడ" అంది.

"పిలవచ్చుగా?"

"మీరే దిగాలి కదండీ."

 ఆ మాట నిజం కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

రెండు చలికాలాల క్రితం మా అమ్మాయి ఆఫీస్ నుంచి వస్తుండగా రోడ్డు మీద గడ్డకట్టిన మంచులో కారు జారిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను. దానికి ఇరవై నాలుగేళ్ళు. మీరంతా వచ్చారు, వంటలు చేసి పంపించారు, మర్చిపోలేదు. ఆ రోజు ఒక మూల ఆవిడ కూర్చుని ఏడుస్తుంటే ఎవరో వెళ్ళి వీపు నిమిరారు. 'పోయింది నా కూతురైతే ఈవిడని ఓదారుస్తారేంటి' అనుకున్నాను. ఆ ఏడుపులో కూడా అలా అనుకున్నాను. తల్లిని కదా, అంతా నాకే కావాలి, దుఃఖం కూడా.

పదకొండో రోజు దాటాక పిల్ల గది ఖాళీ చేసేసి, ఇల్లు అమ్మేసి ఎక్కడికైనా పోదామని అట్టపెట్టెలు తెచ్చాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "ఒకసారికి ఒక్కటే మార్చండి వదినగారూ" అంది మెల్లగా. "ఈ నెల దుప్పటి ఒక్కటి మార్చండి. తట్టుకోగలిగితే వచ్చే నెల ఇంకోటి." నేను విసుక్కున్నాను. కానీ అలాగే చేశాను. ఇల్లు అమ్మలేదు. ఇవాళ ఆ గదిలో నా మిషన్ ఉంది, కిటికీ దగ్గర పిల్ల కుర్చీ ఉంది. ఈ రెండేళ్ళు నేను బతికింది ఆ మాట పట్టుకునే. ఇది ఆవిడ ఉండగా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ఆవిడ మూడుసార్లు అడిగింది, "ఒకసారి మా ఇంటికి రండి, ఒకటి చూపించాలి" అని. మూడుసార్లూ పని ఉందన్నాను. ఆ గరాజ్‌లో వాళ్ళ నవ్వులు ఇంకా ఉంటాయని నా భయం. "సరే, మీరు వచ్చినప్పుడే" అనేసింది. బలవంతపెట్టే మనిషి కాదు.

కర్మ అయిన మర్నాడు ఆవిడ చెల్లెలు తలుపు తట్టింది. "అక్క రాసి పెట్టిందండీ, ఈ పెట్టె మీకు చూపించాలట. మీరు ఎవరికి ఇమ్మంటే వాళ్ళకి ఇవ్వాలట." వెనక క్లబ్ కోచ్, తెల్లగడ్డం పెద్దమనిషి, పెట్టె పట్టుకుని మంచులో నిలబడ్డాడు. గడప అవతలే. ఆయనకీ తెలుసన్నమాట నా ఆన. నేను పక్కకి జరిగి, "రండి" అన్నాను.

వంటింటి బల్ల మీద పెట్టి తాళం తీశాడు. ఆ వంకర కుట్ల సంచీలోంచి పిస్టల్ తీసి, లోపల ఏమీ లేదని తను రెండుసార్లు చూసి, నాకు చూపించి, గోడ వైపు తిప్పి పెట్టాడు. నేను దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పిడికి ఆ గరుకు టేపు, బొటనవేలి దగ్గర అరిగిపోయి. కొసన ఉన్న మేకు మీద చిన్న ఎర్ర చుక్క. రంగు వెలిసి, ఒక పక్క లేచిపోయి ఉంది.

నేను పోల్చుకోకుండా ఉంటానా? రోజూ అద్దంలో చూసుకునేదాన్ని.

"ప్రతి మ్యాచ్ ముందు మీ అమ్మాయి కొత్తది అంటించేది" అన్నాడు కోచ్ ఇంగ్లీషులో. "ఇలాంటి డాట్ వేసిన మేకులే షాపులో దొరుకుతాయి, కొనుక్కోమన్నాను. వద్దంది."

పెట్టె మూత లోపల కాగితం ఉంది. మా అమ్మాయి చేతిరాత, ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. గ్రిప్ టేప్. స్ప్రింగ్. పాలిష్. నాలుగోది, అమ్మ బొట్టు. మామ్ అని రాయలేదు. అమ్మ అని రాసింది. దాని పక్కన తెలుగులో ఆవిడ చేతిరాత: "ఇది తీయొద్దు. ఇంకేం మార్చక్కర్లేదు."

గురి పెట్టేటప్పుడు ఆ మేకు ఒక్కటే స్పష్టంగా కనబడాలని చెప్పింది కదా పిల్ల. నాలుగేళ్ళ శనివారాలు నా కూతురు దేన్ని చూస్తూ నిలబడిందో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆవిడ మీద మళ్ళీ కుళ్ళు వచ్చింది. ఆ నిలబడటం ఆవిడ చూసింది, నేను చూడలేదు. కుళ్ళుతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. దానికి నాకు మాట తెలియదు. ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

క్లబ్‌లో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి సొంత పిస్టల్ లేదన్నాడు కోచ్. పద్ధతి ప్రకారం కాగితాలు రాయించి ఇస్తానన్నాడు. ఇవ్వమన్నాను. ఆ అమ్మాయి మీద నాకు అసూయ లేదని అబద్ధం రాయను. సంచీ కుట్లు విప్పి సరిగ్గా కుట్టనా అని ఒక్క క్షణం చెయ్యి లాగింది. అలాగే వదిలేశాను.

"ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్ళి సొరుగులోంచి అట్ట తెచ్చాను. పాత చుక్కని గోటితో మెల్లగా తీసి నా నుదుటికి పెట్టుకున్నాను. జిగురు లేదు, వేలితో నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. రెండో చేత్తో అట్ట మీంచి కొత్త బొట్టు తీశాను. మేకు మీద ఆనిస్తే పక్కకి పోయింది. ఊపిరి పూర్తిగా వదిలేసి, మళ్ళీ పీల్చుకునే ముందు వచ్చే ఆ ఖాళీలోనే వేలు కదపాలని ఆవిడ పిల్లకి చెప్తుంటే గరాజ్ తలుపు చాటున విన్నాను ఒకప్పుడు.

ఊపిరి వదిలాను. చెయ్యి నిలిచింది. సరిగ్గా మధ్యలో అంటించాను.