లిస్టులోకెక్కిన నవల

ఎమర్జెన్సీ రోజుల్లో నేను ఆదోనిలో ఇంటరు ముగించి, ఎమ్మిగనూరులో ఇంటిపట్టునే ఉండినాను. నాన్న, పెద్దమ్మ గుంట మగ్గాల మీద నేస్తుంటే, మధ్యాహ్నాలు గడప దగ్గర కూర్చుని లైబ్రరీ పుస్తకాలు చదివి వినిపించడం నా పని. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ నూలుకు పట్టించే గంజి వాసన వస్తుంది. పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా కథలో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకంటే ఆమెకే బాగా గుర్తుండేది.

ఆ ఎండాకాలం చదువుతున్న నవల, కూలి పెంచమని పత్తి తీయడం మానేసిన ఆడవాళ్ల కథ. వాళ్లకు ముందు నడిచేది ఒక ముసలామె. పెద్దమ్మ ఆమెను "మన అవ్వ" అనేది.

అవ్వను పోలీసులు పట్టుకుపోయే చోటికి వచ్చేసరికి లైబ్రరీ సారు మా ఇంటికి వచ్చినాడు. ఆ పుస్తకం బాగుందని నా చేతికిచ్చింది ఆయనే. గడప బయటే తల దించుకుని నిలబడినాడు.

"పాపా, ఆ పుస్తకం వాపసు తీసుకోవల్ల. కర్నూలు నుంచి లిస్టు వచ్చింది. ఇట్లాంటివి జనానికి ఇయ్యకూడదంట."

"కథలో తప్పేముంది సారూ?" అన్నాడు నాన్న.

"నాకేం తెలుసప్పా! నేను చదివినప్పుడు నాకేం కనపడలేదు."

పెద్దమ్మ మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడె పక్కన పెట్టింది. "ఎండన పడి వచ్చినావు సారూ, టీ తాగి పో. అంతదాకా పాప చదువుతుంది."

ఆయన వీధి అటూ ఇటూ చూసి, లోపలికొచ్చి కూర్చున్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా చదివినాను. మగ్గాలు ఆగిపోయినాయి. టీ చల్లారినా సారు గ్లాసు కింద పెట్టలేదు. రెండోది అడిగి మరీ తాగినాడు. నా గొంతు పట్టేస్తే, పుస్తకం తీసుకుని కొన్ని పేజీలు తానే పైకి చదివినాడు.

పొద్దు వాలినాక లేచినాడు. ఇంకా ఒక అధ్యాయం మిగిలే ఉంది. మా మొహాల వైపు చూడకుండా పుస్తకం సంచిలో వేసుకుని పోయినాడు.

ఆ తర్వాత చాన్నాళ్లు అవ్వ మాకు జైల్లోనే ఉండిపోయింది. "ఇడిసిపెట్టి ఉంటారు," అనేది పెద్దమ్మ నేస్తా నేస్తా. "యాడ ఇడుస్తారు?" అనేవాడు నాన్న. సొంత మనిషి కోసం కొట్లాడినట్టే కొట్లాడేవాళ్లు. అది వినడం నాకు పుస్తకం చదివినంత ఇష్టంగా ఉండేది.

ఎమర్జెన్సీ పోయినాక సారే ఆ పుస్తకం ఇంటికి తెచ్చినాడు. అట్ట మీద ఎవరో ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీసి ఉన్నారు. ఆఖరి అధ్యాయానికి నలుగురం కలిసి కూర్చున్నాం. కూలీలు గెలుస్తారు. అవ్వ మాత్రం జైల్లోనే పోతుంది.

పెద్దమ్మ పుస్తకం అందుకుని, అట్ట మీది ఎర్ర గీతను వేలితో రుద్దింది. తర్వాత సారును అడిగింది, "రాసినాయప్ప బాగుండాడా?"

"ఆయన్నీ జైల్లో పెట్టినారంట. మొన్ననే వదిలినారు."

"అయితే ఇంకోటి రాయమని సెప్పు. ఈసారి అవ్వను సంపొద్దని సెప్పు."

సారు పెద్దగా నవ్వినాడు. కానీ ఆయన చేత కార్డు రాయించి డబ్బాలో వేయించేదాకా పెద్దమ్మ ఊరుకోలేదు. జవాబు రాలేదు. ఆమె మాత్రం ఆ ఏడాదంతా పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు వినపడితే మగ్గం ఆపేది.