ఇంద్రమ్మకు నచ్చని వాచ్‌మన్

సూర్యప్రభకు నవల ఒంటరిగా చదవడం చేతకాదు. మంచి ఘట్టం వస్తే ఎవరో ఒకరికి వినిపించాలి, లేకపోతే తిన్నది అరగదు. పెళ్ళయి భీమవరం నుంచి హైదరాబాద్‌లోని మన్సూరాబాద్ వచ్చినప్పటి నుంచీ వినే మనిషి కోసం ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. భర్త జోగారావు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ మాస్టారు. ఇంటికొచ్చి కుర్చీలో వాలితే, నాయిక పేరు వినేలోపే గురక. కూతురు భావన ఇంకా నయం, "కథంతా వద్దమ్మా, చివరికి ఏమవుతుందో చెప్పు చాలు" అంటుంది.

చివరికి ఇంటి ఓనరే దొరికింది. ఇంద్రమ్మది ఆ ఊరి పాత రైతు కుటుంబం. పొలాలు కాలనీలయ్యాయి, మూడంతస్తుల ఇల్లు లేచింది, చదువు మాత్రం అబ్బలేదు. కానీ కథ వినడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మధ్యాహ్నం వరండాలో చింతపండు గింజలు తీస్తూ వింటుంది. నచ్చకపోతే మొహమాటం లేదు. వెన్నెల గురించి రెండు పేజీలు సాగితే, "గా ముచ్చట ఇడిసిపెట్టు, పిల్ల ఇంటికి వొయ్యిందా లేదా గది జెప్పు" అనేది. నాయిక ఊరికే ఏడిస్తే విసుగు, మొగుణ్ణి నిలదీస్తే మళ్ళీ చదివించుకునేది. సూర్యప్రభ ఇష్టాలూ అవే. ఇన్నాళ్ళకు జోడీ కుదిరిందని మురిసిపోయింది పిచ్చిది.

ఆ జోడీ ఒక వాచ్‌మన్ దగ్గర చెడింది. కొత్త నవలలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఉన్నాడు. తాగుబోతు, తెలంగాణ యాసలో తిక్కతిక్కగా మాట్లాడతాడు. సూర్యప్రభ గొంతు మార్చి, చేతులు తిప్పుతూ బ్రహ్మాండంగా చదివింది. పక్క వాటాలో ఉండే స్వప్న పడీ పడీ నవ్వింది. ఇంద్రమ్మ చింతపండు పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

సూర్యప్రభకు ముద్ద దిగలేదు. ఇక ఎవరికి చదవాలి? ఉండబట్టలేక వెళ్ళి అడిగింది.

"నా వల్ల ఏమైనా తప్పు జరిగిందాండీ?"

ఇంద్రమ్మ గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది. "నువ్వు గా వాచ్‌మన్ తీరు మాట్లాడితె గా పిల్ల నవ్వింది. నేను రోజూ గట్లనే మాట్లాడ్త గద. ఏ పుస్తకం ఇన్నా మా మాట మాట్లాడెటోడు గేటు కాడనే ఉంటడు. ఇల్లు మాదైనా గంతేనా?"

సూర్యప్రభకు సిగ్గేసింది. ఇన్ని నవలలు నమిలి మింగింది, ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. బీరువా అంతా వెతికింది. ఇంద్రమ్మలా మాట్లాడే నాయిక అందులో ఒక్కతీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరింది. అక్కడ పోటీ పరీక్షల పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి, నవల అడిగితే షాపువాళ్ళు జాలిగా చూస్తారు. తిరగ్గా తిరగ్గా ఒకచోట, అడుగు అరలో కావలసిన నవల దొరికింది. అందులో నాయిక పొలమున్న ఆసామి. భూమి అడగడానికి వచ్చిన బ్రోకర్ని మొదటి పేజీలోనే కడిగేస్తుంది, అదీ అచ్చం ఇంద్రమ్మ భాషలో.

బతిమాలితే ఇంద్రమ్మ వచ్చి కూర్చుంది, మొహం బిగించుకునే. సూర్యప్రభ గోదావరి సాగదీతతో ఆ మాటలన్నిటినీ ఖూనీ చేసింది. రెండో పేజీకి ఇంద్రమ్మ ఆగలేకపోయింది.

"గట్ల కాదు. నువ్వు మెల్లగ అందియ్యి, ఆమె మాటలు నేను జెప్త."

ఇంద్రమ్మ గొంతులో నాయిక బ్రోకర్ని దులిపేస్తుంటే స్వప్న నోరు తెరుచుకుని వింది. సూర్యప్రభ ప్రాణం లేచి వచ్చింది.

మూడో అధ్యాయంలో సూర్యప్రభ ఆగిపోయింది. నాయిక ఇంట్లోకి కోస్తా నుంచి ఒక కుటుంబం కిరాయికి దిగింది. పిసినారి మనుషులు, మాటకో "అండీ", పైకి వినయం, లోపల లెక్కలు. ఎగరగొట్టేస్తే ఇంద్రమ్మకు తెలియదు. సూర్యప్రభ వేలు పేజీ అంచు దాకా వెళ్ళింది. తర్వాత గొంతు సవరించుకుని, ఒక్క మాటా వదలకుండా చదివింది. చెవులు వేడెక్కాయి. స్వప్న నవ్వబోయి, ఇంద్రమ్మ వైపు చూసి ఊరుకుంది.

ఇంద్రమ్మ నవ్వలేదు.

"గిది రాసినాయనకు మంచి కిరాయిదార్లు దొరికినట్టు లేరు" అంది. "నాకు దొరికిన్రు. సదువు, ముంగటికి పో."